చమురు గ్రహించు వేడిమి



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో చమురుతో నిమిత్తము లేని ఇల్లుగాని, వృత్తిగాని నేడు వెదకినను కానరాదు. కోరుట్లనుండి జగిత్యాలకు, అచటినుండి ధర్మపురి మీదుగా రాయపట్నమువద్ద గోదావరి దాటిపోవు జాతీయరహదారిపై లారీలు రేయనక పగలనక డీజిలు కాల్చుచు సాగుచుండును. సిరిసిల్లలో సాంచెల, అనగా మరమగ్గముల, ఇరుసులకు చమురు పోయనిదే బట్ట దిగదు. పల్లెలలో మొన్నమొన్నటివరకు చదువుకొను పిల్లలకు వెలుగిచ్చినది గాసునూనె బుడ్డియే. ఇంతగా మన బ్రదుకులలో కలిసిపోయిన ఈ ద్రవములను గూర్చి ఒక చిన్న ప్రశ్న వేసినచో, తడుముకొనక బదులు చెప్పగలవారు అరుదు. ఒక కిలో డీజిలును ఒక డిగ్రీ వేడెక్కించుటకు ఎంత వేడిమి కావలెను? ఆ పరిమాణమునకు భౌతికశాస్త్రమున విశిష్టోష్ణమని పేరు. పాత్రలోనున్న ద్రవరాశి మొత్తమునకు లెక్కించినచో దానినే ఉష్ణధారణ యందురు. పొయ్యి కట్టువాడు, బాయిలరు నడుపువాడు, చమురును శుద్ధిచేయువాడు, కడకు ఇంజను రూపొందించువాడు సయితము ఈ సంఖ్య లేక అడుగు ముందుకు వేయజాలరు. అట్టి సంఖ్య ఎచట దొరకును, దొరకినదానిని ఎంతవరకు నమ్మవచ్చును, దొరకనపుడు మన ఊరిలోనే దానిని ఎట్లు రాబట్టుకొనవచ్చును అను విషయములను నేటి ప్రసంగమున మనవి చేయదలచితిని.

వేడిమి వేరు, ఉష్ణోగ్రత వేరు అను వివేకము మానవజాతికి చిరకాలము కలుగలేదు. 1760 ప్రాంతమున స్కాట్లండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయమున జోసెఫ్ బ్లాక్ అను ఆచార్యుడు, సమానమైన భారముగల వేర్వేరు పదార్థములకు సమానముగా వేడిమి నిచ్చినను అవి సమానముగా వేడెక్కవని ప్రయోగపూర్వకముగా తెలిసికొనెను. తరువాత 1782–83 శీతకాలమున పారిస్ నగరమున లవోజియే, లాప్లాసు అను ఉద్దండులిద్దరు వేడి వస్తువును మంచు నడుమనుంచి, కరగి కారిన నీటిని తూచి, ఆ వస్తువు విడిచిన వేడిమిని లెక్కకట్టిరి. పిమ్మట నీటినే ప్రమాణముగా గైకొని, ఒక గ్రాము నీటిని ఒక సెంటీగ్రేడు డిగ్రీ వేడెక్కించు వేడిమిని ఒక కెలోరీ యనుట వాడుకయైనది. నేటి కొలమానమున నది 4.18 జౌళ్లు. నీటి విశిష్టోష్ణము ఒకటియైనచో గాసునూనెది దానిలో సగమునకు కొంచెము తక్కువ. కావున ఒకే భారముగల నీటికిని, నూనెకును ఒకే మాత్రము వేడిమి నిచ్చినచో, నీరు పది డిగ్రీలు వేడెక్కునంతలో నూనె ఇరువదికి మించి వేడెక్కును. చల్లారుటలోను అదే తొందర చూపును.

ఇక చమురులోనికి దిగుదము. భూమిలోనుండి వెలువడు ముడిచమురు ప్రధానముగా కర్బనము, ఉదజని అను రెండు మూలకముల కలయికచే నేర్పడిన అసంఖ్యాకములగు పదార్థముల మిశ్రమము. ఆ పదార్థములనే హైడ్రోకార్బనులందురు. అందు ఒక్కొక్కదానిని వేరుపరచి, శుద్ధిచేసి, వేడిమిని కొలిచినచో ఒక చక్కని క్రమము గోచరించును. 25 డిగ్రీలయొద్ద కిలోగ్రామునకు కిలోజౌళ్లలో చెప్పవలెనన్న హెక్సేను 2.27, హెప్టేను 2.24, ఆక్టేను 2.23, పదునారు కర్బన పరమాణువుల పొడవుగల హెక్సాడెకేను 2.21. గొలుసు రెండున్నర రెట్లు పెరిగినను సంఖ్య కదలినది మిక్కిలి స్వల్పము. గొలుసు వలయముగా ముడివడినచో మాత్రము అది స్పష్టముగా దిగును: సైక్లోహెక్సేను 1.85, బెంజీను 1.74, టోలీను 1.70. దీనికి కారణము దుర్గ్రాహ్యము కాదు. గొలుసుగా సాగిన అణువు మెలికలు తిరుగుటకు, ఊగుటకు వలసిన స్వేచ్ఛ కలది. గ్రహించిన వేడిమి అట్టి చలనములలో నిమిడిపోవును. వలయమై బిగిసిన అణువునకు ఆ స్వేచ్ఛ తక్కువ. అదియుగాక, ఒక గ్రాము హెప్టేనులో ఉదజని నూటికి పదునారు పాళ్లుండగా, బెంజీనులో ఎనిమిది పాళ్లకన్న తక్కువ. తేలికయైన పరమాణువులు తక్కువైనపుడు గ్రాములోని మొత్తము పరమాణువుల సంఖ్య తగ్గి, వేడిమిని పంచుకొను పాలివారును తగ్గుదురు.

ఇట్టి సంఖ్యలను రెండవ దశాంశమువరకు సాధించుట సామాన్యమైన పని కాదు. పరిశోధనశాలలలో వాడు కెలోరీమీటరును కొంచెము దగ్గరగా చూతము. శుద్ధమైన ద్రవమును ఒక చిన్న లోహపాత్రలో నింపి, గాలి చొరకుండ మూసివేయుదురు. పాత్రలోపల ప్లాటినము తీగతో చేసిన ఉష్ణమాపకమును, సన్నని విద్యుత్తాపకమును అమర్చియుందురు. పాత్రను శూన్యప్రదేశమున వ్రేలాడదీసి, చుట్టును వేరొక లోహకవచమునుంచి, లోపలి పాత్ర ఎంత వేడెక్కిన కవచమునుగూడ సరిగా అంతే వేడెక్కించుచుందురు; ఇరువైపుల ఉష్ణోగ్రత సమానమైనపుడు వేడిమి బయటికి పోదు, లోనికి రాదు. అపుడు తాపకమునకు పంపిన విద్యుచ్ఛక్తిని వోల్టులు, ఆంపియర్లు, సెకండ్లు గుణించి తెలిసికొని, పెరిగిన డిగ్రీలచే భాగించి, ఖాళీపాత్ర గ్రహించినదానిని తీసివేసినచో, మిగిలినది ద్రవముయొక్క ఉష్ణధారణ. యంత్రము సత్యమే చెప్పుచున్నదా యని పరీక్షించుటకు సర్వసమ్మతమైన కొలబద్దయొకటి కావలెను గదా! 1949లో కెలోరీమితి శాస్త్రజ్ఞులు సమావేశమై అట్టి ప్రమాణద్రవ్యములుగా బెంజోయిక్ ఆమ్లము, నీలమణి జాతికి చెందిన అల్యూమినియము ఆక్సైడులతోపాటు హెప్టేనును ఎన్నుకొనిరి. ఒక హైడ్రోకార్బను ద్రవము ప్రపంచమందలి కెలోరీమీటర్లకు సాక్షిగా నిలుచుట దాని విలువలు ఎంత నిశితముగా నిర్ణీతమైనవో తెలుపుచున్నది.

ఈ సంఖ్యలన్నింటిని ఒకచోట చేర్చు యత్నములు గత శతాబ్దమున మహోద్యమముగా సాగినవి. 1926 మొదలుకొని ఏడు సంపుటములుగా వెలువడిన అంతర్జాతీయ ప్రమాణ పట్టికలు అందు ఒక మహాగ్రంథము. అమెరికా పెట్రోలియము సంస్థ 1942లో తన నలువదినాలుగవ పరిశోధనప్రణాళికను ఫ్రెడరిక్ రోసీని అను శాస్త్రజ్ఞుని ఆధిపత్యమున ప్రారంభించి, హైడ్రోకార్బనుల ధర్మములనుగూర్చి లోకమున ప్రకటితమైన కొలతలను ఒకదానితో నొకటి పోల్చి, విరుద్ధములను విడిచి, గ్రాహ్యములను మాత్రము 1947లో ఒక పెద్ద సంపుటముగా అచ్చువేయించెను. 1996లో జబ్రాన్‌స్కీ, రుజిచ్కా ప్రభృతులు ద్రవముల ఉష్ణధారణలకై ప్రత్యేకముగా ఒక విమర్శగ్రంథమును కూర్చిరి. అంతకు మూడేండ్లు ముందు రుజిచ్కా, డొమాల్స్కీ అనువారు, కొలత లేని హైడ్రోకార్బనుకు సయితము దాని అణువులోని భాగముల పాళ్లు కూడి విలువ నంచనా వేయు పద్ధతిని చూపిరి. గొలుసులో ఒక కర్బనము, దానితో రెండు ఉదజనులు పెరిగినపుడెల్ల మోలునకు సుమారు 30 జౌళ్లు కలియుచున్నవను నియమము అట్టి పద్ధతులకు మూలము.

అయినను పట్టికలో కనబడిన ప్రతి సంఖ్యను గ్రహించుట క్షేమము కాదు. వివాహసంబంధము చూచువారు జాతకము లేని వరుని పేరును మాత్రము విని నిశ్చయించుకొనరు గదా. సంఖ్యకును ఒక జాతకముండవలెను. అది ఏ ఉష్ణోగ్రతయొద్ద కొలిచినది? గ్రామునకు చెప్పినదా, మోలునకు చెప్పినదా? కెలోరీలలోనా, జౌళ్లలోనా? కొలిచిన ద్రవము ఎంత శుద్ధము? స్థిరమైన పీడనమున కొలిచినదా, ఘనపరిమాణమును స్థిరముగా నుంచి లెక్కించినదా? ఈ చివరి ప్రశ్నను చులకన చేయరాదు. బెంజీను విషయమున ఈ రెండు విలువల నిష్పత్తి ఒకటిన్నరకు కొంచెమే తక్కువ. ఒకదానికి బదులు మరొకటి వాడినవాని లెక్క మూడవవంతు దాక తప్పిపోవును. ఆంగ్లదేశీయుల పాత గ్రంథములలో పౌనునకు ఫారన్‌హీటు డిగ్రీకి చెప్పిన సంఖ్యయు, గ్రామునకు సెంటీగ్రేడు డిగ్రీకి కెలోరీలలో చెప్పిన సంఖ్యయు ఒక్కటే యగుట కొంత సౌకర్యము. జౌళ్లలో చెప్పినది మాత్రము దానికి నాలుగు రెట్లకు మించియుండును. ఈ విచక్షణ లేనిచో మహాగ్రంథమును ముందుంచుకొనియు మోసపోవుదుము.

ఇంత దూరపు శాస్త్రము మనకేల యని సిరిసిల్ల శ్రోతలు అనుకొనవచ్చును. వారి సాంచెలపై నేటికిని మిక్కుటముగా నేయబడుచున్న పాలిస్టరు బట్టయే నా సమాధానము. 1941లో ఇంగ్లండున విన్‌ఫీల్డు, డిక్సన్ అనువారు కనిపెట్టిన ఈ పోగునకు మూలము టెరిఫ్తాలిక్ ఆమ్లము. దానికి మూలము పారాజైలీను అను హైడ్రోకార్బను ద్రవము. చమురులో ఈ పారాజైలీను ఒంటరిగా నుండదు. ఆర్థో, మెటా అను సోదరద్రవ్యములతో కలిసియుండును. పారాజైలీను 138 డిగ్రీలయొద్దను, మెటాజైలీను 139 డిగ్రీలయొద్దను మరుగును. ఒక్క డిగ్రీకి మించి భేదము లేని ఈ రెంటిని మరిగించి వేరుచేయుట దుస్సాధ్యము. కాని పారాజైలీను 13 డిగ్రీలయొద్దనే గడ్డకట్టగా, మెటాజైలీను సున్నకు దిగువ 48 డిగ్రీలవరకు ద్రవముగానే నిలుచును. కావున మిశ్రమమును గాఢముగా చల్లార్చి, స్ఫటికములుగా దిగిన పారాజైలీనును వడకట్టి తీయుట పరిశ్రమలో ప్రసిద్ధమైన మార్గమైనది. వేల టన్నుల ద్రవమును అంత చల్లార్చుటకు ఎంత వేడిమిని తోడివేయవలెనో ముందుగా తెలియవలెనన్న దాని ఉష్ణధారణ తెలియవలెను. ఆ కొలతలు గాలిలోనుండి ఊడిపడలేదు. 1943లో కెన్నెత్ పిట్జరు, డొనాల్డు స్కాటు అను అమెరికా శాస్త్రజ్ఞులు బెంజీను సంతతికి చెందిన జైలీనులను ఓపికతో కొలిచి ప్రకటించిరి. గ్రామునకు సుమారు 1.7 జౌళ్లను ఆ సంఖ్య పారాజైలీనుద్వారా పాలిస్టరు నూలు చుట్టిన భీములదాక వచ్చి, మన ఆసాముల చేతిలో బట్టయగుచున్నది.

తెలుగువారి విజ్ఞానచరిత్రలోను ఈ విషయమునకు చోటు కలదు. ఆగిరిపల్లిలో 1909లో జన్మించి, సి. వి. రామను మహాశయునకు శిష్యుడై, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున భౌతికశాస్త్రాచార్యుడై, 1952లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగా వచ్చిన సూరి భగవంతముగారు, వారి శిష్యులు వాల్తేరున ద్రవములలో అతిధ్వనుల ప్రసారమును పరిశీలించిరి. చెవికి వినబడని ఆ ధ్వనికిని, వేడిమికిని సంబంధమేమనగా, ధ్వని తరంగము ద్రవమును మిక్కిలి వేగముగా నొక్కి వదలుచుండును. ఆ నొక్కుడులో పుట్టిన వేడిమి వెలుపలికి పోవుటకు వ్యవధి చాలదు. కావున ధ్వనివేగము, సాంద్రత తెలిసినచో, వేడిమి చెదరనపుడు ద్రవము ఎంత సంపీడితమగునో తెలియును. నెమ్మదిగా నొక్కి వేడిమిని పోనిచ్చినపుడు ఎంత సంపీడితమగునో వేరుగా కొలిచినచో, ఆ రెండింటి నిష్పత్తియే నేను ఇంతకుముందు చెప్పిన రెండు ఉష్ణధారణల నిష్పత్తి. వానికి ద్రవము డిగ్రీకెంత వ్యాకోచించునను కొలతను జోడించినచో, కెలోరీమీటరును తాకకయే ఉష్ణధారణను గణింపవచ్చును. ఒకే ధర్మమును పరస్పరసంబంధము లేని రెండు మార్గములలో సాధించి, రెండును సరిపోయినచో గ్రహించుట శాస్త్రమున విశ్వాసమునకు గట్టి పునాది.

ఇంతవరకు చెప్పినది శుద్ధద్రవముల కథ. మన బంకులలో అమ్ము డీజిలు, పెట్రోలు, ఒకప్పుడు చౌకదుకాణమున పోసిన గాసునూనె శుద్ధద్రవములు కావు. అమెరికాలో పోంకా నగరపు బావియొకదానినుండి తీసిన ముడిచమురును 1927 మొదలు దశాబ్దములతరబడి విభజించి చూచినవారు, ఆ ఒక్క బావి నూనెలోనే రెండువందలకు పైగా హైడ్రోకార్బనులను వేరుచేసిరి. విశాఖపట్నమున 1957లో కాల్టెక్సు కంపెనీ నెలకొల్పినదియు, నేడు హిందుస్థాన్ పెట్రోలియమువారి యధీనములో నున్నదియునైన శుద్ధికర్మాగారమునకు వచ్చు ముడిచమురు ఒకనాడొక దేశముది, మరొకనాడు మరొక దేశముది. అట్టిచో గాసునూనె విశిష్టోష్ణమెంత యని అడిగినచో, ఏ గాసునూనె యని ఎదురుప్రశ్న వేయవలసివచ్చును. భారతీయ ప్రమాణ పత్రములు సయితము గాసునూనె ఫ్లాష్ పాయింటు 35 డిగ్రీలకు తక్కువ కారాదనియు, పొగ లేక మండు జ్వాల ఎత్తు ఇంతకు తగ్గరాదనియు నియమించునుగాని, విశిష్టోష్ణమును గూర్చి నోరెత్తవు.

ఈ చిక్కునకు సులభమైన ఉపాయమును సి. ఎస్. క్రాగో అను శాస్త్రజ్ఞుడు 1929లో అమెరికా ప్రమాణసంస్థ పక్షమున ప్రకటించెను. ఆయన అనేకములైన పెట్రోలియము నూనెల కొలతలను సమీక్షించి, వాని విశిష్టోష్ణము ప్రధానముగా రెండింటిపై ఆధారపడుననియు, అవి సాంద్రత, ఉష్ణోగ్రత యనియు గ్రహించి ఒక సూత్రమును కట్టెను. ఆయన ఫారన్‌హీటులో చెప్పినదానిని సెంటీగ్రేడునకు మార్చి చెప్పుచున్నాను; చేతిలో కాగితమున్నవారు వ్రాసికొనవచ్చును. ఉష్ణోగ్రతను 0.00081 చేత గుణింపుడు, దానికి 0.4024 కలుపుడు, వచ్చిన మొత్తమును, నీటితో పోల్చిన నూనె సాంద్రతయొక్క వర్గమూలముచే భాగింపుడు. లభించినది గ్రామునకు డిగ్రీకి కెలోరీలలో ఆ నూనె విశిష్టోష్ణము.

అందులకు వలసిన సాంద్రతను ఎచట తెచ్చుకొందుమన్న, కోరుట్ల పెట్రోలు బంకుకు ప్రొద్దుననే పోయి చూడుడు. అచటి ఉద్యోగి అర లీటరు గాజుజాడీలో నూనెను పట్టి, అందు హైడ్రామీటరును మెల్లగా వదలును. అది అటునిటు తూగి నిలిచినపుడు, నూనె మట్టము గాజుకాడపై ఏ గీతకు తగిలినదో కన్నును మట్టముతో సమముగా నుంచి చదువును; ప్రక్కనే ఉష్ణమాపకమును ముంచి ఆనాటి వేడిని గుర్తించును; పిదప పట్టికను తిరుగవేసి, ఆ సాంద్రతను 15 డిగ్రీలకు సరిచేసి పుస్తకమున నెక్కించును. ట్యాంకరుతో వచ్చిన పత్రములోని సంఖ్యకును, దీనికిని ఘనమీటరునకు మూడు కిలోలకు మించిన తేడా యున్నచో అనుమానింపవలసినదని నియమము. కల్తీని పట్టుకొనుటకై యేర్పరచిన ఈ దినచర్య క్రాగో సూత్రమునకు తాళపుచెవిని మన చేతికిచ్చుచున్నది. కొనువారు కోరినచో ఆ కొలతను చూపించుట బంకువారి విధి.

లెక్క చేసి చూతము. డీజిలు సాంద్రత 0.83 అనుకొందము. 30 డిగ్రీలయొద్ద పై సూత్రమువలన 0.4267 వచ్చును, 0.83 వర్గమూలము 0.911, భాగించిన 0.468. సాంద్రత 0.80 గల గాసునూనెకు 0.477, 0.74 గల పెట్రోలుకు 0.496 వచ్చును. తేలికయైన నూనె కిలోకు ఎక్కువ వేడిమిని గ్రహించునన్నమాట. కాని మనము చమురును తూచి కొనము, లీటర్లలో కొందుము. లీటరుకు లెక్కించినచో డీజిలు 0.388, గాసునూనె 0.382, పెట్రోలు 0.367 కిలోకెలోరీలై వరుస తలక్రిందులగును. కిలోకు చెప్పిన సంఖ్యను లీటరుకు వాడినవాడు ఎంతటి పండితుడైనను ఇచట బోర్లపడక తప్పదు.

ఈ సూత్రము వేదవాక్యము కాదు. శుద్ధద్రవములతో దీనిని పరీక్షింతము. హెప్టేనునకు ఇది 25 డిగ్రీలయొద్ద 2.13 కిలోజౌళ్లు చెప్పును. నిజమైన విలువ 2.24. బెంజీనునకు 1.88 చెప్పును, నిజమైన విలువ 1.74. అనగా గొలుసు అణువులకు తక్కువగాను, వలయ అణువులకు ఎక్కువగాను చెప్పుచున్నది. పెట్రోలియము నూనెలలో రెండు జాతులును కలిసియుండుటచే దోషములు కొంతవరకు పరస్పరము కొట్టివేయబడును. కాని బొగ్గునుండి తీయు తారునూనెలలో వలయజాతియే ప్రబలము. హైదరాబాదులో 1944లో వెలసి, ప్రాంతీయ పరిశోధనశాలగా పేరొంది, నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా నున్న సంస్థ, బొగ్గును గాలి తగులనీయక తక్కువ వేడిపై కాచి పొగలేని వంటబొగ్గును, తారును రాబట్టుటకై చిరకాలము కృషి చేసినది. గోదావరికి ఆవలి గనుల బొగ్గునుండి వచ్చు అట్టి తారునకు క్రాగో సూత్రమును గుడ్డిగా అన్వయించినచో నూటికి ఏడెనిమిది పాళ్లు తప్పుట సహజము. సూత్రమేనాడు ఎవరి నూనెలపై కట్టబడినదో తెలిసికొనుటయు దాని జాతకములో భాగమే.

ఉష్ణోగ్రతను విస్మరించినచో కలుగు నష్టము ఇంతకన్న పెద్దది. పాలిస్టరు బట్టను ముడుతలు పడకుండ స్థిరపరచుటకు 180 మొదలు 200 డిగ్రీలవరకు వేడి కావలెను. ఆవిరితో 250 డిగ్రీలు సాధింపవలెనన్న పీడనము సుమారు నలువది వాతావరణములకు పెరుగును. అందుచే వస్త్రపరిశ్రమలో పెక్కుచోట్ల ఆవిరికి బదులు ఖనిజతైలమును కాచి గొట్టములలో త్రిప్పుదురు. దానిని థర్మిక్ ఫ్లూయిడ్ అందురు. అదియు హైడ్రోకార్బను ద్రవమే. దాని సాంద్రత 0.87 అయినచో 30 డిగ్రీలయొద్ద విశిష్టోష్ణము 0.457, 250 డిగ్రీలయొద్ద 0.648. నూటికి నలువది పాళ్ల పెరుగుదల! ఒక టన్ను నూనెను 30 నుండి 250 డిగ్రీలకు తెచ్చుటకు వాస్తవముగా 1,21,600 కిలోకెలోరీలు కావలసియుండగా, చల్లని నూనె సంఖ్యతోనే లెక్కించినవానికి 1,00,600 మాత్రమే వచ్చును. రేపు సిరిసిల్లలో అద్దకపు యంత్రమునో, ఆరబెట్టు యంత్రమునో నెలకొల్పువారు పొయ్యి పరిమాణమును ఈ రెండవ సంఖ్యపై నిర్ణయించినచో, నిత్యము ఉదయమున నూనె కాగుట ఆలసించి, పనివారు చేతులు కట్టుకొని కూర్చుండవలసివచ్చును. అమ్మువారు చెప్పిన ఒక్క సంఖ్యను నమ్మక, ఉష్ణోగ్రతలవారీ పట్టికను అడిగి పుచ్చుకొనుట అత్యావశ్యకము.

పట్టికయు లేక, సాంద్రతపై నమ్మకమును చాలనపుడు స్వయముగా కొలుచుటే శరణ్యము. జగిత్యాల కళాశాలలో భౌతికశాస్త్రము చదువు విద్యార్థికి ఇది సాధ్యమే. 1819లో డ్యూలాంగు, పెటీ అనువారు లోహముల విశిష్టోష్ణములకై వాడిన శీతలీకరణపద్ధతియే దీనికిని చాలును. మెరుగుపెట్టిన రాగి కెలోరీమీటరులో మొదట నూరు ఘనసెంటీమీటర్ల వేడినీరు పోసి, మూతపెట్టి, చుట్టును చల్లని నీటితొడుగుగల పెట్టెలోనుంచి, కలుపుచు, అరనిమిషమునకొకసారి ఉష్ణోగ్రత వ్రాయవలెను. పిదప అదే పాత్రలో అదే ఘనపరిమాణముగల గాసునూనె పోసి అట్లే చేయవలెను. నూనెను మంటపై కాచుట ప్రాణాపాయకరము. దీపములన్నియు ఆర్పిన గదిలో, ముందుగా మరగించి తెచ్చిన నీటిలో సీసానుంచి వెచ్చజేయవలెను. పాత్రయు, ఉపరితలమును ఒక్కటే యగుటచే, ఒకే ఉష్ణోగ్రతయొద్ద రెండు ద్రవములును క్షణమునకు ఒకే మాత్రము వేడిమిని కోల్పోవును. ఏది ఎక్కువ వేడిమిని దాచుకొన్నదో అది ఎక్కువ కాలము నిలుచును.

ఉదాహరణకు, 60 డిగ్రీలనుండి 50 డిగ్రీలకు దిగుటకు నీటికి 21 నిమిషములు, నూనెకు 8 నిమిషముల 48 సెకండ్లు పట్టినవనుకొందము. పాత్ర ఐదు గ్రాముల నీటితో సమానమైన వేడిమిని గ్రహించుననుకొందము. నీటి పాలు నూరు, పాత్ర పాలు ఐదు కలిసి 105. నిమిషమునకు ఐదు వంతున కరగినది. ఆ లెక్కన నూనె, పాత్ర కలిసి 44. పాత్ర పాలు తీసివేసిన 39. నూనె భారము 78 గ్రాములైనచో విశిష్టోష్ణము సరిగా 0.50. సాంద్రత 0.80 గల నూనెకు 55 డిగ్రీలయొద్ద క్రాగో సూత్రము చెప్పునదియు అదియే. పాత్రను లెక్కలో మరచినవానికి 0.54 వచ్చును; మూత సరిగా లేక నూనెలోని తేలిక భాగములు ఆవిరియైనచో నూనె తొందరగా చల్లారి, సంఖ్య తగ్గిపోవును. కావున పరికరముల ఖరీదుకన్న చేతి నిదానమే ఇచట విలువైనది.

ఇట్టి కొలతలను పరీక్షయైన మరునాడు పారవేయుచున్నాము. అట్లుగాక, జగిత్యాలలోను, కోరుట్లలోను, సిరిసిల్లలోను నున్న కళాశాలలు ఒక పుస్తకము తెరచి, ఏ తేదీన, ఏ బంకు నూనె, 15 డిగ్రీలయొద్ద సాంద్రత ఎంత, ఏ ఉష్ణోగ్రతల నడుమ కొలిచినది, పాత్ర పాలెంత, వచ్చిన సంఖ్య ఎంత అని వరుసగా వ్రాసికొనుచు, ఏటేట ఒకరి పుస్తకమునొకరు సరిచూచుకొన్నచో, మన ప్రాంతమున వాడు చమురులకు సంబంధించి ఏ విదేశపు గ్రంథమునను లేని పట్టికయొకటి మనకు సిద్ధించును. అందులకు వలసినవి ఒక హైడ్రామీటరు, రెండు ఉష్ణమాపకములు, ఒక రాగిపాత్ర, ఒక గడియారము. ఇవి ఏ కళాశాలకును కొరత కావు. అంతవరకు మీ చేతికి వచ్చిన ఏ పట్టికనైనను తెరచినపుడు, ముందుగా సంఖ్యను చూడక, దాని ప్రక్కన ఉష్ణోగ్రత వ్రాసియున్నదా యని చూడుడు. లేనిచో ఆ పట్టికను ప్రక్కనుంచి, హైడ్రామీటరు తీసికొని మీరే లెక్క మొదలుపెట్టుడు.